సెన్సర్ పీకేసినా రీడింగ్ మారలేదు: ఫోన్‌తో మా బాబాయ్ కారు రోగం ఎలా దొరికిందంటే

ఇక్కడ మనం ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంకుల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి రివ్యూలో ఉన్నది ఆరు వందల రూపాయల బ్లూటూత్ ఓబీడీ2 డాంగిల్. కానీ ఇది మామూలు స్పెసిఫికేషన్ల రివ్యూ కాదు. ఈ డాంగిల్ చూపించిన ఒక నంబర్‌ని నేను తప్పుగా చదివాను. దానివల్ల మా బాబాయ్, ఆయన మెకానిక్ ఇరవై ఏళ్ల స్నేహాన్ని పక్కన పెట్టి గొడవపడ్డారు. తర్వాత అదే డాంగిల్‌తో అసలు సంగతి బయటపడింది. మీ దగ్గర ఇలాంటిది ఉంటే, లేదా కొనాలనుకుంటుంటే, నేను చేసిన తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నా.

అసలు సమస్య ఏంటి?

మా బాబాయ్‌ది దివిసీమ. అవనిగడ్డకి దగ్గర్లోని పల్లెటూరు. 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. ఊళ్లో ఎవరికి ఆసుపత్రి పని పడినా, పెళ్లికి వెళ్లాలన్నా ఆ కారే. ఎక్కువగా విజయవాడ కిరాయిలు. ఇంటి ఖర్చులు గడిచేది దాని మీదే.

సార్వా కోతలయ్యాక ఓ వారానికి మీటర్ బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. అదే చెక్ ఇంజిన్ లైట్. లీటరుకి 17 ఇచ్చే బండి 13కి పడిపోయింది. అవనిగడ్డ నుంచి విజయవాడ వెళ్లి రావడానికి సుమారు 130 కిలోమీటర్లు. ఆ లెక్కన ట్రిప్పుకి రెండున్నర లీటర్ల పెట్రోల్ అదనం. లీటరు నూట పది అనుకుంటే రెండొందల అరవై, డెబ్భై రూపాయలు. కిరాయిలో మిగిలేదే అంతంత మాత్రం.

బాబాయ్ ఒకప్పుడు గుడివాడలో ఉండేవాడు. ఇప్పటికీ కారుకి ఏ చిన్న రిపేరు వచ్చినా చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడలోని పాత మెకానిక్ దగ్గరకే తీసుకెళ్తాడు. ఆయన్ని ‘మేస్త్రిగారు’ అంటాం. ఆయన తన స్కానర్ పెట్టి చూస్తే ‘పి0131’ వచ్చింది. మొదటి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజ్ తక్కువగా ఉందని దాని అర్థం. 3,800 రూపాయలకి కొత్త సెన్సర్ తెప్పించి వేశారు. కోడ్ చెరిపేశారు. లైట్ ఆరిపోయింది.

రెండో రోజు మళ్లీ వెలిగింది.

నేను వేలు పెట్టాను

నేను ఉండేది బందరులో. అదే మచిలీపట్నం. బాబాయ్ కలెక్టరేట్ పని ఉన్నవాళ్లని ఎక్కించుకుని వచ్చి, వాళ్లు తిరిగొచ్చేలోపు మా ఇంటికొచ్చాడు.

“ఏరా, నీ దగ్గర ఏవో మిషన్లు ఉంటాయిగా, చూడరాదూ?” అన్నాడు.

రివ్యూ కోసం తెప్పించిన డాంగిల్ అప్పటికే టేబుల్ మీద ఉంది. ఈఎల్ఎమ్327 పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే చౌక రకం. మన దేశంలో 2013 తర్వాత తయారైన పెట్రోల్ కార్లలో దాదాపు అన్నిటికీ స్టీరింగ్ కింద, డాష్‌బోర్డ్ అడుగున 16 పిన్నుల పోర్ట్ ఉంటుంది. డాంగిల్ అక్కడ గుచ్చి, ఆండ్రాయిడ్ ఫోన్‌కి బ్లూటూత్‌లో జత చేసి, టార్క్ యాప్ ఓపెన్ చేశాను. కార్ స్కానర్ యాప్ కూడా ఇదే పని చేస్తుంది. ఐఫోన్ వాడేవాళ్లు మాత్రం పాత బ్లూటూత్ డాంగిళ్లు కొనొద్దు, కనెక్ట్ కావు. బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై ఉన్నదే తీసుకోండి.

యాప్‌లో రెండు కోడ్‌లు కనిపించాయి. ఒకటి పాత పి0131. రెండోది పి0171, అంటే పెట్రోల్ చాలడం లేదు, గాలి ఎక్కువైందని. లైవ్ డేటాలో మొదటి ఆక్సిజన్ సెన్సర్ 0.03 వోల్ట్. ఎంతసేపు చూసినా 0.03. కదలదు, మెదలదు.

నేను పెద్ద డాక్టర్‌లాగా చెప్పేశాను. “బాబాయ్, నీకు డూప్లికేట్ సెన్సర్ అంటగట్టారు. ఇది చచ్చిపోయింది, చూడు.”

బాబాయ్ అక్కడే మేస్త్రిగారికి ఫోన్ చేశాడు. మాట మాట పెరిగింది. “ఇరవై ఏళ్ల నుంచి నీ బండ్లు చూస్తున్నా, ఇప్పుడు నన్ను దొంగని చేస్తావా” అని అవతలి నుంచి వినిపించింది. ఫోన్ పెట్టేసే ముందు ఆయన ఒక మాటన్నారు. “ప్లగ్గులు ఇప్పి చూశా, నల్లగా మసి పట్టున్నాయి. అది కూడా ఆ ఫోన్లో కనపడుద్దేమో కనుక్కో.”

ఆ మాట నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది అదే.

ఈ సెన్సర్ ఏం చెప్తుంది?

ముందుకెళ్లే ముందు కొంచెం టెక్నికల్ విషయం తెలుసుకుందాం. ఆక్సిజన్ సెన్సర్‌నే లాంబ్డా సెన్సర్ అని కూడా అంటారు. బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్ 1976లో మొదటిసారి వోల్వో కార్లలో వచ్చింది. దీని లోపల జిర్కోనియా అనే సెరామిక్ ముక్క ఉంటుంది. దానికి ఒకవైపు ఇంజిన్ పొగ, ఇంకోవైపు బయటి గాలి. బాగా వేడెక్కాక, అంటే దాదాపు 300 డిగ్రీలు దాటాక, రెండువైపులా ఉన్న ఆక్సిజన్ తేడాని బట్టి చిన్న వోల్టేజ్ పుట్టిస్తుంది.

పొగలో ఆక్సిజన్ మిగిలిపోయిందంటే పెట్రోల్ తక్కువైందన్నమాట. అప్పుడు వోల్టేజ్ 0.1 దగ్గర ఉంటుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.8, 0.9కి పెరుగుతుంది. సరిగ్గా సరిపోయిన చోటు 0.45 దగ్గర. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, ఈ రీడింగ్ చూసి పెట్రోల్ కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ ఉంటుంది. అందుకే బాగున్న కారులో మొదటి సెన్సర్ రీడింగ్ కింద నుంచి పైకి, పై నుంచి కిందకి ఊగుతూనే ఉంటుంది. ఈసీయూ ఎంత శాతం పెట్రోల్ పెంచిందో, తగ్గించిందో చెప్పేదే ఫ్యూయల్ ట్రిమ్. ప్లస్ అంటే పెంచింది, మైనస్ అంటే తగ్గించింది.

క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత రెండో సెన్సర్ ఉంటుంది. ముఖ్యంగా కన్వర్టర్ పని చేస్తోందా లేదా అని చూసేది అదే. దాని రీడింగ్ పెద్దగా ఊగదు.

రాత్రి లాగ్ తెరిస్తే

యాప్‌లో డేటా లాగింగ్ ఆన్ చేసి పెట్టడం నాకు అలవాటు. ఆ రాత్రి రివ్యూ కోసం గ్రాఫ్ స్క్రీన్‌షాట్ తీద్దామని లాగ్ ఓపెన్ చేశా. కోడ్‌లు చెరిపేసి మళ్లీ స్టార్ట్ చేసిన దగ్గర నుంచి చూస్తే వరుస ఇలా ఉంది.

మొదటి సెన్సర్: 0.03 వోల్ట్, గీత గీసినట్టు.
ఫ్యూయల్ ట్రిమ్: సున్నా నుంచి మెల్లగా ఎక్కి ప్లస్ 25 శాతం దగ్గర ఆగింది.
రెండో సెన్సర్: 0.82 వోల్ట్.

ఇక్కడ ఆగిపోయాను. మొదటి సెన్సర్ ‘పెట్రోల్ చాలట్లేదు’ అంటోంది. దాని మాట నమ్మి ఈసీయూ పాతిక శాతం అదనంగా పోస్తోంది. అదే పొగ కొంచెం ముందుకెళ్లాక రెండో సెన్సర్ ‘పెట్రోల్ బాగా ఎక్కువైంది’ అంటోంది. ఇద్దరు సాక్షులు ఒకే సంఘటన గురించి పూర్తిగా వేరుగా చెప్తున్నారు. ఎవరో ఒకరి మాట తప్పు.

మరి ఎవరిది? అప్పుడు గుర్తొచ్చాయి మేస్త్రిగారు చెప్పిన నల్ల ప్లగ్గులు. పెట్రోల్ చాలని ఇంజిన్‌లో ప్లగ్గులకి మసి పట్టదు. పాతిక శాతం అదనంగా పోస్తే 17 మైలేజ్ 13, 14కి రావడం కూడా లెక్కకి సరిపోయింది. అంటే ఇంజిన్ నిజంగానే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. తప్పు చెప్పేది మొదటి సెన్సర్ రీడింగే.

ఇక్కడ ‘రీడింగ్’ అన్నాను, ‘సెన్సర్’ అనలేదు. పొద్దున నేను చేసిన తప్పు సరిగ్గా అదే. ఫోన్‌లో కనిపించే నంబర్ సెన్సర్ నుంచి నేరుగా రాదు. సెన్సర్, కప్లర్, వైరు, ఈసీయూ, డాంగిల్, ఇవన్నీ దాటి యాప్‌కి వస్తుంది. దారిలో ఎక్కడ పాడైనా స్క్రీన్ మీద పడేది సెన్సర్ పేరే.

ఇలా పెట్రోల్ ఎక్కువ తాగుతూ చాలాకాలం నడిస్తే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. అది మార్చాలంటే పదుల వేలల్లో ఖర్చు. బాబాయ్‌కి రెండు నెలల సంపాదన. ఇక వాయిదా వేయడానికి లేదు.

గుడివాడలో అసలు పరీక్ష

ఆదివారం పొద్దున్నే బాబాయ్‌ని ఒప్పించి గుడివాడ తీసుకెళ్లాను. “నువ్వు మాట్లాడు, నేను కారు దిగను” అన్నాడు. నేనే దిగి మేస్త్రిగారితో చెప్పా: “తప్పు నాదండీ, బాబాయ్‌ది కాదు. ఒక్క పరీక్ష చేద్దాం.” ఆయన ఏం మాట్లాడకుండా బానెట్ తెరిచారు.

నాకు మొదటి అనుమానం కప్లర్ మీద. తీరప్రాంతం, ఉప్పుగాలి, పిన్నులకి చిలుము పట్టి ఉంటుందనుకున్నా. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కూడా తెచ్చుకున్నా. “దాంట్లోకి కొట్టకు బాబూ, సెన్సర్ పోద్ది” అని ఆపేశారు. తర్వాత చదివితే తెలిసింది. చాలా ఆక్సిజన్ సెన్సర్లు పోల్చుకోవడానికి కావాల్సిన బయటి గాలిని వైర్ల సందుల్లోంచే, కప్లర్ వైపు నుంచే తీసుకుంటాయి. అక్కడ స్ప్రే, గ్రీజు చేరితే బాగున్న సెన్సర్ కూడా తప్పు చెప్తుంది. ఆయన ఆ కారణం చెప్పలేదు, అనుభవం మీద తెలుసు. కప్లర్ ఊడదీసి చూస్తే పిన్నులు తళతళలాడుతున్నాయి.

ఇప్పుడు పరీక్ష. ఇగ్నిషన్ ఆపి మొదటి సెన్సర్ కప్లర్ ఊడదీసి అలాగే వదిలేశాం. మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేసి ఫోన్ చూశాం.

0.03 వోల్ట్.

సెన్సర్ అసలు కనెక్షన్‌లోనే లేదు. అయినా రీడింగ్ అదే. మేస్త్రిగారు ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ చూశారు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త తీసుకున్నాం. చాలా కార్లలో ఈసీయూ ఈ వైరు మీద తానే 0.45 వోల్ట్ దగ్గర ఉంచుతుంది, సెన్సర్ పీకితే ఆ నంబర్ కనిపించాలి. కానీ అన్ని కార్లూ ఒకలా ఉండవు. అందుకని ఇదే కారులో రెండో సెన్సర్ కప్లర్ కూడా పీకి చూశాం. దాని రీడింగ్ వెంటనే 0.45కి వచ్చి నిలబడింది. మొదటిది మాత్రం 0.03 దగ్గరే ఉంది. అంటే ఈ వైరు ఎక్కడో బాడీకి తగిలి, వోల్టేజ్ అంతా అటు పోతోంది.

అనుమానం తీరడానికి మేస్త్రిగారు మల్టీమీటర్ తెచ్చి నేరుగా సెన్సర్ వైపు సిగ్నల్ వైరు మీద పెట్టారు. 0.8 చూపించింది. ఆయన వేసిన కొత్త సెన్సర్ మొదటి రోజు నుంచి నిజమే చెప్తోంది. దాని మాట ఈసీయూ దాకా చేరట్లేదు, అంతే.

“అయితే వైరింగే” అన్నారు. ఇక ఫోన్‌తో పని లేదు. సెన్సర్ వైపు కాదు, ఈసీయూ వైపు వైరు అని మాత్రమే ఫోన్ చెప్పగలదు. ఎక్కడ అనేది చెప్పలేదు. ఆయన ఇంజిన్ వెనక్కి చెయ్యి పెట్టి వైర్ల కట్ట వెంబడి తడుముకుంటూ వెళ్లారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. చెయ్యి బయటికి తీస్తే వేళ్లకి గడ్డిపోచలు, వడ్లపొట్టు.

ఎలుక! వైర్ల కట్ట పైన గూడు కట్టింది. అంగుళం మేర తొడుగు కొరికేసింది. లోపలి రాగి తీగ ఇంజిన్ బ్రాకెట్‌కి ఆనుకుని ఉంది.

అప్పుడు బాబాయ్ కారు దిగాడు. కోతలయ్యాక కారు పెట్టేది పాత గేదెల చావిట్లో, గడ్డివామి పక్కన. పొలంలో పంట అయిపోతే ఎలుకలు ఊళ్లోకొస్తాయి. దివిసీమలో ఎవరినడిగినా చెప్పే సంగతే ఇది. ఇంజిన్ వేడి, పక్కనే గడ్డి, ఎలుకకి ఇంకేం కావాలి?

తెగిన చోట కత్తిరించి, సాల్డర్ చేసి, స్లీవ్ వేసి, బ్రాకెట్‌కి దూరంగా కట్టారు. 350 రూపాయలు. బాబాయ్ అంతకుముందు బాకీ పెట్టిన సెన్సర్ డబ్బులూ కలిపి ఇచ్చి, “ఏం అనుకోకండి మేస్త్రిగారూ” అన్నాడు. ఆయన లెక్కపెట్టుకోకుండా జేబులో పెట్టుకున్నారు. పాత సెన్సర్‌ని కూడా ఒకసారి బిగించి చూశాం. అదీ చక్కగా ఊగింది. 3,800 అవసరం లేని ఖర్చని తేలిపోయింది. ఆ మాట మేస్త్రిగారే పైకి అన్నారు. పాతది ఇప్పుడు స్పేర్‌గా కారులోనే ఉంది.

బాగయ్యాక వచ్చిన నంబర్లు

కప్లర్లు పీకినందుకు పడ్డ కోడ్‌లన్నీ చెరిపేసి, గుడివాడ నుంచి పామర్రు దాకా నడిపాం. మొదటి సెన్సర్ 0.1కి, 0.9కి మధ్య ఊగుతోంది. రెండోది 0.6, 0.7 దగ్గర స్థిరంగా ఉంది. మైలేజ్ వారంలో 16కి వచ్చింది.

ఫ్యూయల్ ట్రిమ్ మాత్రం సున్నాకి రాలేదు. ప్లస్ 7 దగ్గర ఆగింది. ఇంకా ఏదో లోపం ఉందా అని కంగారు పడ్డాను. కానీ దీనికి కారణం బంకులోనే ఉంది. మామూలు పెట్రోల్ కిలో పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20కి దాదాపు 13.5 చాలు, ఎందుకంటే ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. అంటే అదే గాలికి ఎనిమిది, తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఇథనాల్ తక్కువ ఉన్న రోజుల్లో ట్యూన్ చేసిన పాత కారులో ట్రిమ్ కొంచెం ప్లస్‌లో ఉండటం సహజం. పది లోపు ఉంటే కంగారు పడి ఏదీ మార్చకండి.

మీరు ట్రై చేసేముందు

స్క్రీన్ మీద గేజ్‌లు తక్కువ పెట్టండి. చౌక డాంగిళ్లు ఒక్కో విలువనీ వరసగా అడుగుతాయి. ఒకేసారి పది గేజ్‌లు పెడితే ఒక్కోదానికీ సెకనో, రెండు సెకన్లో పడుతుంది. ఈలోపు సెన్సర్ చాలాసార్లు ఊగేస్తుంది. కారు బాగయ్యాక పది గేజ్‌లతో చూస్తే మంచి సెన్సర్ కూడా పిచ్చి నంబర్లు చూపించింది. రెండే పెడితే అల స్పష్టంగా వచ్చింది.

కోడ్ చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. లైట్ వెలిగిన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎమ్, లోడ్ ఎంతున్నాయో అందులో ఉంటుంది. చెరిపేస్తే అదీ పోతుంది.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు సైలెన్సర్ పైపు దగ్గర చెయ్యి పెట్టొద్దు. కప్లర్ పీకేముందు ఇగ్నిషన్ ఆపండి. తెలిసిన మెకానిక్ పక్కన ఉంటే మంచిది.

మీ కారు కొత్తదైతే మొదటి సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం కావచ్చు. దానికి ఈ 0.1, 0.45, 0.9 లెక్కలు పనికిరావు. యాప్‌లో లాంబ్డా విలువ చూడండి, 1 దగ్గర ఉంటే సరిపోయినట్టు.

పని అయ్యాక డాంగిల్ తీసేయండి. ఆ పోర్ట్‌కి తాళం తీసేసినా కరెంట్ వస్తూనే ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా చాలావాటికి పిన్ 1234, లేదా 0000. పక్కన నిలబడ్డవాళ్లెవరైనా కనెక్ట్ అయిపోవచ్చు.

మరి కొనొచ్చా?

కొనొచ్చు. ఆరు వందలకి ఇంత సమాచారం ఇంకెక్కడా దొరకదు. కానీ కోడ్‌లో ఏ పార్ట్ పేరు వస్తే అది మార్చేయమని కాదు అర్థం. ‘ఇటు వైపు చూడు’ అని మాత్రమే. మార్చేముందు ఇంకో రీడింగ్‌తో పోల్చండి. వీలైతే ఆ పార్ట్ పీకి చూడండి. అది లేకుండానే అదే నంబర్ వస్తుంటే, తప్పు దానిది కాదు.

బాబాయ్ ఇప్పుడు కారు చావిట్లో పెట్టడం మానేసి ఇంటి ముందు అరుగు పక్కన పెడుతున్నాడు. పడుకునేముందు బానెట్ తెరిచి, టార్చ్ వేసి ఒకసారి చూస్తాడు. మొన్న ఫోన్ చేసి, “లైట్ రాలేదురా, అయినా గుడివాడ వెళ్లొచ్చా” అన్నాడు. ఎందుకని అడిగితే, “ఊరికే, మేస్త్రిగారితో టీ తాగడానికి” అన్నాడు.